అడుగు రంగు

నల్లగొండ, రామగిరి సందుల నాది రేడియం దుకాణం.
బండ్ల మీద దేవుళ్లను కోస్త, పులులను కోస్త,
"అమ్మ దీవెన" ఈ సాలు నూటపన్నెండు కోసిన.
మత్తయ్య సారు తెచ్చిన పని మాత్రం
చిటికెనవేలి గోరంత.

బీదరుల పద్దెనిమిదేండ్లు విమానాలకు రంగులేసినాయన.
తర్వాత ఇరవై ఆరేండ్లు
మర్రిగూడ కాడ సొంతూరి బోరు నీళ్లు తాగిండు.
ఇప్పుడు మెడ తిప్పాలంటే మనిషంత తిరగాలె.
మడిసిన వేళ్లు తెరుసుకోవు.
చెప్పుల డబ్బ మూత తీసి సూపిచ్చిండు:
జానెడు కిరణ్ విమానం, తెల్లగ,
పేరు పెట్టని పిల్లలెక్క.
"బ్లేడు నువ్వు వట్టు. మాట నేను చెప్త."

పొద్దుగాల్నుంచి చెప్తనే ఉన్నడు.

టేపును ముందుగాల అరచేతికి అంటించు, పీకు,
మళ్ల అంటించు. జిగట సగం సావాలె.
లేకుంటే పోయేటప్పుడు కింది రంగును గూడ పట్కపోతది,
కిరాయోడు ఇల్లు ఖాళీ జేస్తు
బల్బులు ఇప్పుకపోయినట్టు.

రంగుల నీళ్లు కలపవోతే చెయ్యి వట్టిండు.
"మన నీళ్లా? ఆరినంక తెల్లగ మచ్చలు గడ్తయి.
బ్యాటరీల పోసే నీళ్లు తే."
గడియారం సెంటర్ దాక నడిసిన.
నడుసుకుంట నాలుకతోని పండ్లు తడిమిన.
నాయి గూడ అవే నీళ్లు.
పై వరుస మీద గోధుమ గీతలు,
ఎవరో టేపు వెట్టుడు మర్సి కొట్టిన రంగు.
నా పెండ్లి ఫొటోలల్ల ఒక్కదాంట్ల గూడ
పెదవి తెరిసి లేను.

ముందు తెలుపు, గుండ్రంగ, నిండుగ.
దాని మీద ఉంగరం లెక్క కోసిన టేపు.
నడుమ మూసి బయట కాషాయం.
ఆరనియ్యి. బయట మూసి నడుమ ఆకుపచ్చ.
పాత ఫ్రిజ్జు కంప్రెసర్ గుర్రు వెడ్తాంది.
మే నెల. గన్ను నోట్లకెళ్లి ఎల్లిన రంగు
రెక్క దాక రాకముందే పొడైతాంది.
"దగ్గరికి పో. తక్కువ కొట్టు. మళ్ల కొట్టు.
తొందరున్నోడు లారీలకు వేసుకోవాలె."
నేను లారీలకే వేస్త సార్.
"ఎరికే."

నడుమ ఒక పిల్లగాడొచ్చి
బుల్లెట్టుకు సింహం కావాలన్నడు. రేపు రమ్మన్న.

తోక మీది నంబరు కాడ సారు గొంతు తగ్గింది.
"టేపు అంచుకు ముందు అడుగు రంగే కొట్టాలె.
కింద ఏడన్న సందుంటే ఆ తెలుపే దూరి
సందు మూస్తది.
కారేది కారుతది. కారినట్టు కనవడదు."
ఇంత సన్నని మాట నాకు ఇంతకుముందు
ఎవ్వలు చెప్పలే.
తల ఊపిన. గంతల్నే కరెంటు వోయింది.
శానసేపటికి వచ్చింది.
వచ్చినంక తెలుపు కొట్టిన్నో లేదో యాది లేదు.
నలుపు కొట్టిన.

పూర్తిగ ఆరకముందే తియ్యాలె.
టేపును దాని మీదికి దాన్నే మడిసి, మెల్లగ,
దెబ్బ మీది కట్టు ఇప్పినట్టు.
ఒక్కో అంకె బయటవడ్డది.
ఏడు కాడ, దాని కాలి కింద,
వెంట్రుకంత నల్ల వాగు పారింది.

తుడుస్త సార్. మళ్ల మొదటికెళ్లి చేస్త.
ఆయన మనిషంత తిరిగిండు కిటికి దిక్కు.
భూతద్దం వెట్టి సూసిండు.
స్విచ్చుబోర్డుకు అంటించిన టేపు ముక్కలల్ల
ఒకటి ఊడి, ఫ్యాను గాలికి
నేల మీద గుండ్రంగ తిరుగుతాంది.

"ఉండనియ్యి.
అసలు దానికి గూడ ఒకటుండె.
ఏడు కింద గాదు, రెండు పక్కన.
చెకింగుల ఎవ్వలు పట్టలే.
ఎనిమిదేండ్లు అట్లనే ఎగిరింది.
వేసింది నేనే."

నాకు నవ్వొచ్చింది.
నోటికి చెయ్యి అడ్డం వెట్టుకుందామంటే
రెండు చేతులల్ల
రంగు పచ్చిగున్న విమానం.